మిస్ అగాథాకి చైనీస్ రాదు

ఆదివారం పొద్దున గుడి బజారులో అల్లం బాబాయి ఒక్కసారిగా "అల్లం అయిపోయిందోయ్!" అని కేకేశాడు. ఆయన ముందు గంప నిండా అల్లం ఉంది.

నేను మా అమ్మాయి పేయ్‌త్సెన్ చెయ్యి పట్టుకుని అప్పుడే సందు మలుపు తిరిగాను. మేం కొనేది అల్లం కాదు గనక పట్టించుకోలేదు. కానీ ఆ కేకతో సందంతా మారిపోయింది. చేపలావిడ కత్తి ఆపింది. బట్టల కొట్టాయన గొంతు సవరించుకున్నాడు. పంది మాంసపు ముద్దల సూప్ అంగట్లో పొయ్యి పక్కన నిలబడి, అంగడావిడతో గొంతు చించుకుని పోట్లాడుతున్న ఒక అమ్మాయి ఏప్రన్ లాగి బల్ల కిందకి విసిరి, ఒక్క గెంతులో వెళ్ళి గిరాకీలు కూర్చునే స్టూలు మీద కూలబడింది. ఎక్కణ్ణించి వచ్చిందో, చేతిలో టూరిస్టుల మ్యాపు ఒకటి తెరుచుకుంది.

"మిస్ అగాథా!" అని అరిచింది మా అమ్మాయి.

మ్యాపు వెనకనించి మిస్ అగాథా తల పైకి లేచింది. ఇంగ్లీషులో, చాలా తీరిగ్గా, "అరె, పేయ్‌త్సెన్! ఇక్కడ భోజనం బాగుంటుందా?" అని అడిగింది.

మా అమ్మాయి గర్వంతో ఉబ్బిపోయి, ఇంగ్లీషులోనే, ముద్దలు వేడిగా ఉంటాయి, ఊదుకుని తినాలి అని టీచరుకే పాఠం చెప్పింది. అంగడి యజమానురాలు త్సాయ్‌హ్వా అత్త వచ్చి, మిస్ అగాథా మొహం మీదకి వంగి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు వేళ్ళు ఆడించింది. "ముద్దలు! ము-ద్ద-లు! ఒక గిన్నె? రెండు?"

మిస్ అగాథా ఒక వేలు చూపించింది.

త్సాయ్‌హ్వా అత్త నావైపు తిరిగి మా ఇళ్ళలో మాట్లాడే తైవానీలో నిట్టూర్చింది. "చూశావా నాయనా, ఈ ఫారిన్ పిల్లల్ని. ఎముకలు లెక్కపెట్టొచ్చు. వీళ్ళ తల్లులు ఏం పెట్టి పెంచుతారో ఏమో!"

మిస్ అగాథా మొహంలో ఏమీ కదల్లేదు. బల్ల కింద మాత్రం ఆవిడ కాలు వచ్చి త్సాయ్‌హ్వా అత్త పిక్కని తన్నింది. అది నేను చూశాను. అప్పుడే ఇద్దరి ముక్కులూ చూశాను. ఒకే అచ్చు.

మిస్ అగాథాకి చైనీస్ వచ్చని నాకు ముందే తెలుసు. పిల్లల్ని బడిలో చేర్చిన రోజే తల్లిదండ్రులందరం ఆ సంగతి బయటపెట్టబోమని మాటిచ్చాం. ఆవిడ సూప్ అంగడి త్సాయ్‌హ్వా అత్త కన్నకూతురన్న సంగతి మాత్రం ఆ ఆదివారమే తెలిసింది.

ఆవిడ అసలు పేరు లియెన్ ఫాంగ్‌యూ. అగాథా జ్ఞానస్నానపు పేరు. తైవాన్‌లో మా శిన్‌చూ ఊళ్ళో, గుడి వెనక సందులో, సూప్ ఆవిరిలో పుట్టి పెరిగింది. పెంచిందంతా నానమ్మ. ఆ నానమ్మ యుద్ధం తర్వాతి కరువు రోజుల్లో చర్చిలో గోధుమ పిండి పంచుతున్నారంటే వెళ్ళి కథోలికురాలైంది. "పిండి కోసం పోయాను, పాటలు బాగున్నాయని ఉండిపోయాను" అని ఎవరడిగినా చెప్పేది. పిండి సంచుల గుడ్డతో కొడుక్కి లాగులు కుట్టింది. ఆ లాగు వెనకభాగాన పిండి పంపిన అమెరికావాళ్ళ గుర్తు, రెండు చేతులు కరచాలనం చేస్తున్న బొమ్మ ఉండేదట. అగాథా వాళ్ళ నాన్న కూర్చున్నప్పుడల్లా ఆ స్నేహం మీదే కూర్చునేవాడు.

ఆ ఇంట్లో మాటకి కరువు లేదు. నానమ్మకి చెవుడు కాబట్టి అరిచి మాట్లాడేది. ఆవిడకి వినపడాలని కోడలు అరిచేది. ఇద్దరినీ దాటాలని మనవరాలు అరిచేది. రేడియో వీళ్ళందరినీ మించి అరిచేది, దాన్ని నానమ్మ తిట్టేది. అలాంటి ఇంట్లోంచి వచ్చిన పిల్లని మా బడి హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ కో ఉద్యోగానికి పిలిచి చదువు గురించి ఏమీ అడగలేదట.

"పిల్లల ముందు మూడేళ్ళు చైనీస్‌లో నోరు మూసుకోగలవా?"

"సిస్టర్, మా ఇంట్లో అన్నం నోట్లో ఉన్నప్పుడు కూడా ఎవరూ నోరు మూసుకోరు."

"అందుకే అడుగుతున్నా."

మా బడి పద్ధతి అది. సగం రోజు చైనీస్, సగం రోజు ఇంగ్లీషు. రెంటికీ ఇద్దరు టీచర్లు. ఒక మనిషికి ఒకే భాష. చైనీస్ టీచరు దగ్గర ఇంగ్లీషు చెల్లదు, ఇంగ్లీషు టీచరుకి చైనీస్ అర్థమే కాదు. ఆకలైనా, దెబ్బ తగిలినా, పక్కవాడు రబ్బరు లాక్కున్నా, ఆవిడకి ఆవిడ భాషలో చెప్పుకోవాల్సిందే. అవసరం పడితే నోరు దానంతటదే తిరుగుతుందని వాళ్ళ నమ్మకం. ఒకటో తరగతినించి మూడో తరగతి చివరిదాకా ఒకే టీచరు అదే పిల్లలతో నడుస్తుంది.

ఈ పద్ధతి ఎంత సున్నితమో చెప్పడానికి బడిలో అందరూ బల్లి కథ చెబుతారు. అగాథా కంటే ముందున్న టీచరు రెండేళ్ళు బ్రహ్మాండంగా నెట్టుకొచ్చింది. ఒక మధ్యాహ్నం పైకప్పునించి బల్లి జారి ఆవిడ కాలర్లో పడింది. ఆవిడ అచ్చమైన తైవానీలో బల్లి తల్లినీ, తల్లి తల్లినీ కలిపి తిట్టింది. ఆ తర్వాత ఆ తరగతిలో ఒక్క పిల్లాడు కూడా ఆవిడతో ఇంగ్లీషు ముక్క మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడతారు? పాపం ఆవిడ ఇప్పుడు లైబ్రరీ చూసుకుంటోంది. పిల్లలు ఆవిణ్ణి బల్లి మిస్ అంటారు.

నేను రసాయనశాస్త్రం చదివినవాణ్ణి. కంప్యూటర్ చిప్పులు కడిగే ఆమ్లంలో మలినం లక్ష కోట్లలో ఒక పాలు ఉన్నా పట్టుకోవడం నా ఉద్యోగం. అలాంటివాడికి మార్కులు లేని బడి దొరికింది. పేయ్‌త్సెన్ ఒకటో తరగతిలో నెలల తరబడి ఇంగ్లీషులో నోరు విప్పలేదు. నాకు నిద్ర పట్టేది కాదు. మా ఆవిడ శిన్‌నింగ్ మాత్రం "దానికి నీ కంగారు రాలేదు, సంతోషించు" అని అటు తిరిగి పడుకునేది. చివరికి నేనే బడికి వెళ్ళాను. మిస్ అగాథా నన్ను గదిలోకి తీసుకెళ్ళి, తలుపు గడియ పెట్టి, కిటికీ తెరలు లాగి, బయట ఎవరూ లేరని ఒకసారి తొంగి చూసి, అప్పుడు నోరు తెరిచింది. ఆనకట్ట తెగింది.

"హమ్మయ్య, పొద్దున్నించీ మన భాషలో మాట్లాడలేదు, దవడలు పట్టేశాయండీ. మీ అమ్మాయికేం ఢోకా లేదు. వింటోంది. నేను గెంతుతుంటే చూస్తోంది. నేను ఏనుగునవుతాను, వానవుతాను, మోషే చీల్చిన సముద్రాన్నవుతాను, అన్నీ చూస్తోంది. మీరు మూత తీసి తీసి చూడకండి. మాటిమాటికీ మూత తీస్తే సూప్ ఉడకదని మా అమ్మ గిరాకీల్ని తిడుతుంది."

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం స్నానాల గదిలోంచి మా అమ్మాయి గొంతు వినిపించింది. ప్లాస్టిక్ బాతుని ఇంగ్లీషులో, మిస్ అగాథా గొంతుతో, మిస్ అగాథా లాగే మెల్లగా కోప్పడుతోంది. "నీ వంతు వచ్చేదాకా ఆగాలి. నీ స్నేహితుడు మాట్లాడుతున్నాడు కదా?" నేను తువ్వాలు నెత్తిన వేసుకుని వంటింట్లోకి గెంతుకుంటూ వెళ్ళాను. చేతిలో గరిటె ఉండగానే శిన్‌నింగ్‌ని గిరగిరా తిప్పాను. మా అమ్మ హాల్లోంచి, "ఏమైందిరా, లాటరీ తగిలిందా?" అంది.

"బాతుని తిట్టిందమ్మా!"

"తిడితే నీకెందుకురా అంత సంబరం?"

మూడో తరగతి మొదలైన శరత్కాలంలో అగాథా నానమ్మ పోయింది. సూప్ అంగడి ముందు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వచ్చిన పిల్లలకల్లా జేబులోంచి అల్లం బిళ్ళలు తీసిపెట్టే ముసలమ్మ. కుర్చీ మాత్రం అక్కడే ఉంది. దానిమీద ఎవరూ కూర్చోరు.

తర్వాత కొద్ది రోజులకే బడిలో అసలు ముప్పు వచ్చింది. అది కూడా బడి పద్ధతిలోంచే వచ్చింది. మా బడి పాటించే అంతర్జాతీయ పాఠ్యప్రణాళికలో పాఠం పుస్తకంలోంచి మొదలవదు, పిల్లల ప్రశ్నలోంచి మొదలవుతుంది. పరీక్షించి తేల్చడానికి వీలైన ప్రశ్న ఏదైనా టీచరు కాదనడానికి లేదు. ఆ విడత అంశం "మనకి తెలిసింది నిజమేనని మనకెలా తెలుసు?" పిల్లలు ప్రశ్న ఎంచుకోవాలి. పేయ్‌త్సెన్ పక్కన కూర్చునే హావ్‌యాన్ అనే సోడాబుడ్డి కళ్ళద్దాల పిడుగు లేచి నిలబడ్డాడు.

"మిస్ అగాథాకి నిజంగానే చైనీస్ రాదా?"

తరగతంతా చప్పట్లు. మిస్ అగాథా ఆ ప్రశ్నని తన చేత్తోనే బోర్డు మీద రాసింది. రాస్తుంటే చాక్‌పీసు విరిగిందని మా అమ్మాయి చెప్పింది. "అది కూడా సాక్ష్యమేనా నాన్నా?"

"నాసిరకం చాక్‌పీసు అయ్యుండొచ్చు" అన్నాను.

అప్పణ్ణించి మా ఇల్లు ప్రయోగశాల అయింది. మొదట బొద్దింక పరీక్ష. మిస్ అగాథా బోర్డువైపు తిరిగి ఉన్నప్పుడు అందరూ చైనీస్‌లో "మీ వీపు మీద బొద్దింక!" అని అరవాలి. అరిచారు. ఆవిడ వెనక్కి కూడా తిరగలేదు. తీరిగ్గా వాక్యం పూర్తిచేసి, "ఏమిటీ సందడి?" అని ఇంగ్లీషులో అడిగింది.

"చూశావా, రాదు!" అన్నాను, మనసులో ఊపిరి పీల్చుకుని.

"కానీ నాన్నా, ఆవిడకి అసలు బొద్దింకంటేనే భయం లేకపోతే?"

ఇక్కడే నా చదువు నన్ను మోసం చేసింది. ఆ ప్రశ్న ఎంత బాగుందంటే, నేను ఎవరి పక్షమో మరిచిపోయాను. "అలా అయితే పోల్చి చూడాలి. భాష వచ్చని ఖాయంగా తెలిసిన ఇంకో మనిషి మీద కూడా అదే పరీక్ష చెయ్యాలి" అన్నాను. శిన్‌నింగ్ వంటింట్లోంచి నావైపు చూసిన చూపుకి పాలుంటే విరిగేవి.

వాళ్ళు ఎంచుకున్న మనిషి ఫాదర్ బాయ్. హంగరీ దేశంనించి పడుచుతనంలో వచ్చి, మా ఊళ్ళోనే గడ్డం నెరిసినాయన. తైవానీలో ఆయన వేసే జోకులకి కూరగాయల సంతలో ఆడవాళ్ళు సిగ్గుపడతారు. దివ్యబలి పూజ అయ్యాక వెనకనించి పిల్లలు బొద్దింక కేక వేశారు. ఫాదర్ బాయ్ అంగీ ఎత్తిపట్టుకుని బెంచీ ఎక్కాడు. హావ్‌యాన్ గంభీరంగా "తెల్లాయనకి వచ్చు. మనావిడకి రాదు. వింతగా ఉంది" అన్నాడట.

"నువ్వసలు ఎవరి తరఫురా?" అంది శిన్‌నింగ్ ఆ రాత్రి. మేమిద్దరం ఒకే తరగతిలో చదువుకున్నాం, అందుకని కోపమొస్తే రా అంటుంది.

"పద్ధతి తరఫు."

"ఆ పిల్ల ఉద్యోగం పోతే పద్ధతి సూప్ పోస్తుందా?"

ఆ తర్వాత పిల్లలు బజారు మీద పడ్డారు. మా అమ్మాయి ఒకరోజు అన్నం తింటూ ఉన్నట్టుండి అడిగింది. "నాన్నా, అల్లం బాబాయి గంప నిండా అల్లం పెట్టుకుని అయిపోయిందంటాడెందుకు?"

"ముసలాయన కదమ్మా, మర్చిపోతాడు."

"మా తరగతివాళ్ళు వెళ్ళినప్పుడే మర్చిపోతాడు. నాలుగో తరగతివాళ్ళు వెళ్తే గుర్తుంటుంది."

నా గొంతులో ముద్ద అడ్డం పడింది. మా అమ్మ వీపు మీద చరిచింది.

మా చాంద్రమాన కొత్త సంవత్సరం దగ్గరపడింది. మా బడి హాల్లో ఏటా పండగముందు పెద్దల్ని తలుచుకునే పూజ జరుగుతుంది. బల్ల మీద పూర్వీకుల పేరుపలక, అగరొత్తులు, పూలు, పళ్ళు, చిన్న కప్పుల్లో ద్రాక్షసారాయి. ఆ ఏడు ఎవరింట్లో మనిషి పోతే వాళ్ళు ముందుకొచ్చి, అగరొత్తి వెలిగించి, పోయినవాళ్ళని పండగ భోజనానికి గట్టిగా పిలుస్తారు. వాళ్ళకి బతికుండగా తెలిసిన భాషలోనే పిలవాలి. లేకపోతే పిలిచింది తమనేనని వాళ్ళకెలా తెలుస్తుంది? ఆ రోజే మూడో తరగతి పిల్లలు తమ పరిశోధన ఫలితం కూడా చెప్పాలి.

శనివారం నేను ఒక్కణ్ణే సూప్ తాగడానికి వెళ్ళేసరికి అంగట్లో పెద్ద పంచాయితీ నడుస్తోంది. అగాథా ముద్దలు చుడుతోంది. ఫాదర్ బాయ్ గిన్నె మీదకి వంగి ఉన్నాడు. త్సాయ్‌హ్వా అత్త గరిటె జెండాలా ఊపుతోంది.

"నేను పిలుస్తానే! కోడల్ని, నాకు హక్కు లేదా?"

"నువ్వు పిలిస్తే రానంది కదమ్మా! ఆస్పత్రిలో నీ ఎదురుగానే అంది. 'దాని గొంతు నలభై ఏళ్ళు విన్నాను, ఇంక నావల్ల కాదు, ఫాంగ్‌యూ నువ్వు పిలు' అంది."

"అంది, అంది. పోతూపోతూ కూడా నన్నో మాట అనే పోయింది."

"బడి హాల్లోనే పిలవమంది. అక్కడ పాటలుంటాయని" అని నాకు వివరం చెప్పాడు ఫాదర్.

"సిస్టర్ కో నెమ్మదిగా, పెదాల మధ్యే పిలుచుకోమన్నారు" అంది అగాథా. "నానమ్మకి చెవుడు! గుసగుసలాడితే ఎలా వస్తుంది?"

"పోయాక కూడా చెవుడుంటుందా?" అన్నాను నేను. అది శాస్త్రీయమైన సందేహమే.

అందరూ ఫాదర్ వైపు చూశారు. ఆయన ముద్ద మింగి, "సెమినరీలో ఆ పాఠం చెప్పలేదు" అన్నాడు.

అగాథా నవ్వింది. నవ్వుతూనే ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. "తైవానీలో పిలిచానంటే ఆ రోజుతో నా తరగతి అయిపోయింది. హావ్‌యాన్ ముందు వరసలో పెన్సిలు పట్టుకుని కూర్చుంటాడు. పిలవలేదంటే నానమ్మ పండక్కి రాదు. ఫాదర్, ఇన్నాళ్ళూ పిల్లల్ని మోసం చేసినందుకు నాకు శిక్షా ఇది?"

"రాదని నీ నోటితో ఎప్పుడైనా చెప్పావా?"

"లేదు. వాళ్ళే అనుకున్నారు. మంచు బొమ్మ గీస్తే కెనడానించి వచ్చాననుకున్నారు."

"మరింకేం? నోరు విప్పకపోతే అబద్ధమెలా అవుతుంది? నేను చూడు, ఏళ్ళ తరబడి మీ అమ్మ సూప్‌లో ఉప్పు సరిగ్గా ఉందంటున్నాను. పాపమంటే అదీ."

గరిటె ఆయన వైపు తిరిగింది. నేను సూప్ సగంలో వదిలి లేచాను.

పూజ రోజున హాలు కిక్కిరిసింది. పొగకి మోగకుండా పైకప్పు అలారానికి ప్లాస్టిక్ సంచి కట్టారు. బయట మా శిన్‌చూ గాలి కిటికీల్ని దబదబా బాదుతోంది. సిస్టర్ కో ప్రార్థన చదివింది, పాటయింది. ఒకాయన ముందుకొచ్చి వాళ్ళ నాన్నని హక్కా భాషలో పిలిచాడు. ఒకావిడ అక్కని పిలిచి, పోయినేడు పోట్లాడిన కోటు సంగతి మర్చిపొమ్మంది. తర్వాత మిస్ అగాథా లేచింది.

హావ్‌యాన్ పెన్సిలు పట్టుకున్నాడు. హాలు చివర త్సాయ్‌హ్వా అత్త తెల్లటి జాకెట్టు గుండీ ఒకటి మెలిపెడుతోంది. అల్లం బాబాయి కూడా వచ్చాడు, ఇక్కడ ఏమని కేకెయ్యాలో తెలియక నోరు తెరిచి మూసుకుంటున్నాడు.

మిస్ అగాథా అగరొత్తి వెలిగించింది. వంగింది. నోరు తెరిచింది. ఇంగ్లీషులో, "నానమ్మా" అంది. ఆ మాట పలక దాకా కూడా వెళ్ళినట్టు లేదు, మధ్యలోనే పడిపోయింది. ఆవిడ భుజాలు కదిలాయి. నా పక్కన శిన్‌నింగ్ నా మోచెయ్యి గిచ్చింది, నేనేదో చెయ్యగలిగినట్టు.

ముందు వరసలోంచి మా అమ్మాయి లేచింది.

"పేయ్‌త్సెన్, కూర్చో" అన్నాను పళ్ళ మధ్యనించి. అది వినలేదు. నేరుగా వెళ్ళి మిస్ అగాథా పక్కన నిలబడి, పలకకి నడుం వంచి దణ్ణం పెట్టింది. తర్వాత మా అమ్మ దగ్గర నేర్చుకున్న ఆ కుంటి తైవానీలో, గొంతు పగిలేలా అరిచింది.

"నానమ్మగారూ! మా టీచరుకి చైనీస్ రాదు! తైవానీ అసలే రాదు! మీకు ఇంగ్లీషు రాదు! అందుకని నేను చెబుతాను! కంగారు పడకండి!"

ఇటు తిరిగి ఇంగ్లీషులో, "చెప్పండి మిస్. మెల్లగా చెప్పండి. ఆవిడకి చెవుడు కదా, నేను అరుస్తాను" అంది.

మిస్ అగాథా నానమ్మకి చెవుడని దీనికెవరు చెప్పారు? మేం చెప్పలేదు. బడిలో ఎవరికీ తెలియదు. అది తెలిసేది ఒక్కచోటే, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ దగ్గర. హావ్‌యాన్ వైపు చూశాను. వాడు పెన్సిలు చెవి మీద పెట్టుకుని కిటికీలోంచి బయటకి చూస్తున్నాడు, అక్కడ చూడ్డానికి ఏమీ లేకపోయినా.

మిస్ అగాథా మా అమ్మాయిని చూసింది. అప్పుడు ఇంగ్లీషులో మొదలుపెట్టింది. పేయ్‌త్సెన్ తైవానీలోకి మార్చి అరిచింది.

"మీరు రేడియోని తిట్టడం లేక ఇల్లు బోసిగా ఉందట!"

హాల్లో ఎవరో ముక్కు చీదారు.

"మీ కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వడం లేదట! పండక్కి రండి! ముల్లంగి రొట్టె చేస్తున్నారట!"

మిస్ అగాథా ఇంకేదో అంది. మా అమ్మాయి తల ఊపి, మరింత గట్టిగా, "సూప్ మాత్రం ఇప్పటికీ ఉప్పగానే ఉందట!"

"ఎవరే ఉప్పగా ఉందన్నది!" అని హాలు చివర్నించి త్సాయ్‌హ్వా అత్త లేచింది.

హాలంతా గొల్లున నవ్వింది. ఫాదర్ బాయ్ దగ్గు నటిస్తూ ముందుకి వంగిపోయాడు. సిస్టర్ కో ప్రార్థన పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది, పుస్తకం ఊగుతోంది. పేయ్‌త్సెన్ మాత్రం నవ్వలేదు. మిస్ అగాథా వైపు తిరిగి ఇంగ్లీషులో, మర్యాదగా, "వెనక ఆ సూప్ అంగడి ఆంటీకి కోపం వచ్చింది మిస్. ఎందుకో తెలియదు" అంది.

మిస్ అగాథా అగరొత్తి పట్టుకునే నవ్వింది, ఏడ్చింది. రెండూ కలిసి బూడిద అంతా చేతిమీద రాలింది. చివరగా ఒక చిన్న మాట చెప్పింది. దానికి మా అమ్మాయి వెంటనే అరవలేదు. తైవానీలో మాటలు వెతుక్కుంది. వెతుక్కుని, ఈసారి నెమ్మదిగా చెప్పింది.

"మీరు చెప్పినట్టే తన గొంతుతోనే పిలిచిందట నానమ్మగారూ. మాటలు మాత్రం నావి. ఏమీ అనుకోవద్దట."

అగరొత్తి కుండలో గుచ్చి ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. పాట మొదలైంది. హాల్లో అందరికంటే గట్టిగా పాడింది త్సాయ్‌హ్వా అత్త.

తర్వాత ఫలితాలు. మూడో తరగతి పిల్లలు బొద్దింక పరీక్ష, బెంచీ ఎక్కిన ఫాదర్, విరిగిన చాక్‌పీసు, అల్లం బాబాయి మతిమరుపు, అన్నిటికీ బొమ్మలు గీసి గోడకి అంటించారు. ఒకరు ఇంగ్లీషులో, ఒకరు చైనీస్‌లో వివరించారు. నేను ఫ్యాక్టరీలో ఇంతకంటే నాసిరకం నివేదికలు చూశాను. సిస్టర్ కో చేతులు కట్టుకుని నిలబడింది. వెనక మిస్ అగాథా గోడకి ఆనుకుని, మొహం పాలిపోయి ఉంది.

"బాగుంది. మరి చివరికి తేలిందేమిటి?"

హావ్‌యాన్ కళ్ళద్దాలు పైకి నెట్టుకున్నాడు. "తేలలేదు సిస్టర్."

"ఇన్ని సాక్ష్యాలున్నాయిగా?"

"చాలవు. పేయ్‌త్సెన్ వాళ్ళ నాన్నగారు చెప్పారు, పోల్చి చూడ్డానికి ఇంకా చాలామంది కావాలని." హాలంతా నావైపు తిరిగింది. నేను అలా చెప్పలేదు. తలమాత్రం గట్టిగా ఊపాను.

"అయితే ఎప్పటికి తేలుతుంది?"

"మూడో తరగతి అయిపోయాక" అంది పేయ్‌త్సెన్.

"అప్పుడే ఎందుకు?"

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. చివరికి హావ్‌యానే తెగించాడు. "ఇప్పుడు మిస్‌కి కోపమొస్తే ఇంగ్లీషులో మెల్లగా కోప్పడతారు సిస్టర్. ఒక్కో మాటా మాకర్థమయ్యేదాకా ఆగుతారు. ఆవిడకి చైనీస్ వచ్చని తేలిందనుకోండి..." వాడి కళ్ళు హాలు చివరికి వెళ్ళి, గరిటె లేకపోయినా గరిటె పట్టుకున్నట్టే నిలబడ్డ త్సాయ్‌హ్వా అత్త మీద ఆగి, భయంగా వెనక్కొచ్చాయి. "మాకిలాగే బాగుంది."

సిస్టర్ కో ఆ ఫలితాన్ని ఆమోదించింది. మిస్ అగాథా ఇంగ్లీషులో "చక్కని పరిశోధన" అని మెచ్చుకుని, ఇంకేదో చెప్పబోయి, వెనక్కి తిరిగి హాలు గోడకున్న బోర్డు తుడవడం మొదలుపెట్టింది. బోర్డు మీద అప్పటికి ఏమీ లేదు.

పండగ ముందు ఆదివారం నేనూ పేయ్‌త్సెనూ సూప్ కోసం బయల్దేరాం. సందు మలుపు దగ్గర అది నా చెయ్యి పట్టి ఆపింది.

"ఏమిటమ్మా?"

"ఆగు నాన్నా. అల్లం బాబాయి ఇంకా చూడలేదు."

ఆయన నిజంగానే అటు తిరిగి చేపలావిడతో కబుర్లలో పడ్డాడు. అంగట్లోంచి తల్లీకూతుళ్ళ పోట్లాట వీధి చివరిదాకా వినిపిస్తోంది, ఉప్పు గురించే. మా అమ్మాయి గోడ పక్కన నక్కి నిలబడి రెండుసార్లు దగ్గింది. లాభం లేకపోయింది. అప్పుడు చేతులు నోటి దగ్గర పెట్టుకుని, ఊరంతా వినిపించేలా, "నాన్నా! మనం సూప్ అంగడికి వస్తున్నాం కదా!" అని అరిచింది.

"అల్లం అయిపోయిందోయ్!" అన్నాడు అల్లం బాబాయి ఉలిక్కిపడి.

పోట్లాట టక్కున ఆగింది. ఏదో బల్ల కింద పడిన చప్పుడయింది. స్టూలు కీచుమంది. పేయ్‌త్సెన్ ఇంకాసేపు ఆగి, గౌను సర్దుకుని, "ఇప్పుడు పద" అంది.